బోర్డు లేని జలపాతం

కొండ కింద క్వార్టర్స్,
ఆగస్టు 9.

తమ్ముడికి,

బాగున్నావా అని అడగను. బాగానే ఉంటావు. మేం బాగాలేం. ఇక్కడ ఫోను పలకదు కాబట్టి ఈ ఉత్తరం పొద్దున పాలవ్యానులో దిగుతుంది. అందిన రోజే జవాబు రాయి.

నెల కిందట మా జలపాతం దగ్గర ఒకాయన పడిపోయాడు. గడియారాలు బాగుచేసే షాపాయనట. మెడలో కెమెరా, చొక్కా జేబులో నీ ఫోటో. నీ ఫోటో అంటే నువ్వు తీసిన ఈ జలపాతం ఫోటోనే, క్యాలెండర్ లోంచి చించుకున్న కాగితం, నాలుగు మడతలు పెట్టి ఉంది. నువ్వు నిలబడిన బండ మీదే నిలబడి, నువ్వు తీసినట్టే తీయాలని వెళ్లాడు. నాచు మీద కాలు జారి ముప్ఫై అడుగుల కింద రాళ్ల మీద పడ్డాడు. మీ బావ నడుముకి తాడు కట్టుకుని దిగి, చెక్క మీద పడుకోబెట్టి కట్టి, మరో ఇద్దరి సాయంతో పైకి లాగాడు. ప్రాణం దక్కింది. నడుము కింద కదలిక లేదు. మీ ఊళ్లో పెద్దాసుపత్రిలోనే ఉన్నాడు.

ఇప్పుడు తప్పెవరిదో తేల్చాలని ఎంక్వయిరీ పెట్టారు. అక్కడ హెచ్చరిక బోర్డు ఎందుకు లేదని కాపలాదారుని, అంటే మీ బావని అడుగుతున్నారు. బోర్డు ఉండేది. ఆ మనిషి పడటానికి వారం ముందు వచ్చిన వరదకి, అది పాతిన బండ అంచుతో సహా కొట్టుకుపోయింది. మర్నాడే మీ బావ కొత్తది కావాలని కాగితం పెట్టాడు. "పాతదే లేనప్పుడు కొత్తదేమిటయ్యా?" అన్నాడు ఎంక్వయిరీ ఆఫీసరు. దానికి రుజువుగా ఏం చూపించాడో తెలుసా? నీ క్యాలెండర్ కాగితమే. బహుమతి వచ్చిన ఫోటో అని కింద అచ్చు వేశారు, ఫోటో తీసిన తేదీ వేశారు, నీ పేరు వేశారు. బండ ఉంది, నీళ్లున్నాయి, బోర్డు లేదు.

ఎందుకు లేదో నీకు తెలుసు.

నెగటివ్ పంపు. సెప్టెంబరు 12న మళ్లీ పిలిచారు. ఉద్యోగం పోతుందనీ క్వార్టర్స్ ఖాళీ చేయాలనీ కాదు నా బాధ. ఒక మనిషిని తన చేతులతో పైకి లాగినవాడు, ఆ మనిషి పడింది నావల్లే అని సంతకం పెట్టాలట. నోట్లో నాలుక లేని మనిషి, పెట్టేస్తాడేమో అని భయంగా ఉంది.

నీ అక్క

*

స్టూడియో పైగది,
ఆగస్టు 16.

అక్కకి,

నీ ఉత్తరం చదివి కాళ్లూ చేతులూ ఆడలేదు. బావ ఎలాంటివాడో నాకు తెలియదా? ఆయనకి ఇలా జరగడం అన్యాయం.

నెగటివ్ సంగతి. ఎండాకాలంలో స్టూడియోకి రంగులు వేయించినప్పుడు పెట్టెలన్నీ అటూ ఇటూ అయ్యాయి. తర్వాత వానలకి పైకప్పు కారింది. ఏది ఎక్కడుందో వెతకాలి. వెతుకుతాను. దొరుకుతుందని మాట మాత్రం ఇవ్వలేను.

అయినా అక్కా, దానికి నెగటివే కావాలా? బోర్డు ఉండేదని నలుగురు చెప్తే చాలదా? టీ బండి ఆయన ఉన్నాడు, పాలవ్యాను డ్రైవరున్నాడు. ఇంకోటి కూడా ఆలోచించు. మోకాళ్ల నొప్పులు, ఇక కొండ ఎక్కలేకపోతున్నానని బావ ఎప్పటినుంచో అంటున్నాడుగా. చిన్న పొరపాటని ఒప్పేసుకుంటే ఆఫీసులో ఏదో కుర్చీ పని ఇస్తారు. ఒక్కోసారి తల వంచితేనే మేలు.

నా పరిస్థితి కూడా కాస్త చూడు. వచ్చే నెల పెద్ద ప్రెస్ వాళ్లు నాతో కొండల మీద పుస్తకం మొదలుపెడుతున్నారు. పదకొండేళ్లు పాస్‌పోర్టు ఫోటోలు తీసిన వాడికి ఇన్నాళ్లకి వచ్చిన పిలుపు. అది వచ్చింది ఆ ఒక్క ఫోటో చూసే. పోటీ ఫారం మీద "ఈ ప్రింటులో ఏ మార్పూ చేయలేదు" అని సంతకం పెట్టాను. ఇంతకంటే రాయక్కరలేదు, నీకు అర్థమవుతుంది.

బావని అడిగానని చెప్పు.

నీ తమ్ముడు

*

కొండ కింద క్వార్టర్స్,
ఆగస్టు 19.

ఒరేయ్,

ఇక్కడ కొంప అంటుకుంటే నిమ్మకు నీరెత్తినట్టు ఎంత చల్లగా రాశావురా! పైకప్పు కారిందా? ఎవరికి చెప్తున్నావు? ఆ స్టూడియోలో ఏ మూల ఏ మేకు ఉందో నాకు తెలుసు. నాన్న నేర్పిన పద్ధతి మర్చిపోయావనుకోమంటావా? గోధుమరంగు కవరు, కవరు మీద నంబరు, తేదీ, ఊరు. కవర్లన్నీ రేకుపెట్టెలో. "నెగటివ్ పారేసినవాడు మనిషి ముఖం పారేసినట్టు" అని రోజుకోసారి అనేవాడు. నాన్న పోయిన రోజు వాన పడుతుంటే, ఏడుస్తూ ఏడుస్తూనే ఆ రేకుపెట్టెని గోడకి దూరంగా జరిపినవాడివి నువ్వు. ఆ పెట్టె ఎక్కడుందో తెలియదంటావా?

టీ బండి ఆయన చెప్పాడు. వ్యాను డ్రైవరూ చెప్పాడు. "వాళ్లు మీ మనుషులు, ఫోటోకి మనుషులతో పనిలేదు" అన్నాడు ఆఫీసరు. అంత నమ్మకం సంపాదించావు నువ్వు.

ఆ రోజు గుర్తు చేయనా? ఆ బండ మీదికి ఎవరినీ పోనివ్వని మనిషి, బావమరిదివని నిన్ను పోనిచ్చాడు. నీ ట్రైపాడ్ ఎవరు మోశారు? మూడు గంటల ఎక్కుడు, దారిలో రెండుసార్లు నీ బూటు లేసు కూడా ఆయనే కట్టాడు. ఆరొందల అడుగుల నుంచి పడే నీళ్లు, ఆ తుంపర గాలికి లేచి నీ లెన్సు మీద పడుతుంటే గంటన్నర గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఎండ ఆ నీళ్ల మీద పడేది పొద్దున తొమ్మిది దాటాక ఇరవై నిమిషాలే అని చెప్పిందీ ఆయనే. నువ్వు అంచుకి వెళ్తానంటే నీ నడుముకి తాడు కట్టాడు. రెండో కొస దేనికి కట్టాడో చెప్పు. ఆ బోర్డు స్తంభానికి! నువ్వు లేదంటున్న బోర్డే ఆ రోజు నిన్ను పట్టుకుంది. ఒడ్డు చేరాక తెప్ప తగలేసే రకం అని జనం అంటే విన్నాను, నా ఇంట్లోనే పుట్టాడనుకోలేదు.

కుర్చీ పనట! మనిషిని పడేశాడన్న పేరుతో ఆ కుర్చీలో ఎలా కూర్చుంటాడురా?

పుస్తకం, పిలుపు, సంతకం. నీ ఉత్తరంలో ఉన్నవి ఇవే. ఆసుపత్రిలో ఉన్న మనిషి గురించి ఒక్క ముక్క లేదు. మీ స్టూడియో నుంచి ఆ ఆసుపత్రికి రెండు బస్టాపులు.

నెగటివ్ పంపు.

అక్క

*

స్టూడియో పైగది,
ఆగస్టు 24.

అక్కా,

సరే, దాపరికం ఎందుకు? నెగటివ్ ఉంది. రేకుపెట్టెలోనే ఉంది, కవరు మీద నంబరుతో సహా. పంపను.

నువ్వు అన్నీ గుర్తు చేశావు కదా, ఒకటి మాత్రం వదిలేశావు. అది నేను గుర్తు చేస్తాను. నవంబరులో పన్ను పీకించుకోవడానికి వచ్చి నా దగ్గర నాలుగు రోజులున్నావు. బుగ్గ వాచిపోయి, మాట సరిగా రాక, కిటికీ దగ్గర నాన్న స్టూలు మీద కూర్చున్నావు. అప్పుడే పెద్ద ప్రింటు ఆరింది. "ఈ తెల్ల రేకు కంట్లో నలుసులా ఉంది" అన్నాను నేను. అన్నమాట నిజం. కానీ "ఇటియ్యి" అన్నదెవరు? మచ్చలు దిద్దే టచింగ్ బ్రష్ నాలుక మీద తడిపి మొన తీసిందెవరు? నల్లరంగు మూడు పాళ్లు పలచన చేసి, బోర్డు మీద చుక్క చుక్క పెట్టుకుంటూ వెళ్లిందెవరు? తెల్ల రేకు కాస్తా తడిసిన బండ అయిపోతుంటే, వాచిన బుగ్గతోనే నవ్విందెవరు? "ఇక్కడ బోర్డు ఉండేదని దాన్ని పాతినవాడు కూడా కనిపెట్టలేడు" అన్నావు. ఆ పాతినవాడు నీ మొగుడు!

ఒక చెయ్యి తట్టితే చప్పుడు కాదు. నేను అడిగాను, నువ్వు చెరిపావు. ఇప్పుడు నువ్వు న్యాయం పక్కన నిలబడి నా మీద రాళ్లేస్తున్నావు. "ఎందుకు లేదో నీకు తెలుసు" అని రాశావు. ఎంత తెలివి! నీకు తెలియనట్టు.

ఒక్క మాట అడుగుతాను. ఈ సంగతి బావకి చెప్పావా? చెప్పి ఉంటే నీ ఉత్తరం ఇలా ఉండేది కాదు. ముందు ఆయనకి చెప్పి, తర్వాత నాకు నీతులు చెప్పు.

తమ్ముడు

*

కొండ కింద క్వార్టర్స్,
ఆగస్టు 29.

తమ్ముడూ,

చెప్పలేదు. నీ ఉత్తరం వచ్చేదాకా చెప్పలేదు. ఆ ఆఫీసరు క్యాలెండర్ కాగితం బల్ల మీద పెట్టి "బోర్డు చూపించు" అంటే మీ బావ భూతద్దం పుచ్చుకుని వెతికాడురా. "ఇక్కడే ఉండాలి సార్, ఇక్కడే ఉండాలి" అంటూ నేను గీసిన బండ మీద వేలు పెట్టి వెతికాడు. నేను పక్కనే ఉన్నాను. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఇంటికొచ్చి ఆ మంటంతా నీ మీద కుమ్మరించాను. నీ మీద కోపం పోయిందనుకోకు. నామీద పుట్టింది దానికి తోడయింది, అంతే.

ఎందుకు చెరిపానంటావా? అప్పటికి పద్నాలుగేళ్లయింది నా చెయ్యి ఒక ప్రింటు మీద పడి. "నీ చెయ్యి పడితే మచ్చ ఉండేదని కన్నతల్లికి కూడా తెలియదు" అనేవాడు నాన్న. మెచ్చుకుంది నన్ను, స్టూడియో ఇచ్చింది నీకు. నేను ఇన్నేళ్లూ ఏమీ అనలేదు. ఇప్పుడంటున్నాను. ఆ రోజు ఆ స్టూలు మీద కూర్చోగానే నాకు ఒళ్లు తెలియలేదు. అది ఎవరి బోర్డు, ఎందుకుంది, ఏమీ తోచలేదు. తెల్లగా ఉంది, నల్లగా చేయాలి. నాన్న పెళ్లికూతుళ్ల పుట్టుమచ్చలు తీయించినట్టే, బోర్డు కూడా ఒక మచ్చే అనిపించింది. మన ఇంట్లో పెరిగినవాళ్లకి తప్ప ఈ బుద్ధి ఎవరికి పుడుతుంది?

నిన్న పొద్దున మీ బావకి చెప్పాను. ఆయన బూట్లకి నూనె రాస్తున్నాడు. విని, రెండో బూటు కూడా పూర్తి చేశాడు. తర్వాత అడిగాడు.

"ఆ అక్షరాలు రాయడానికి నాకు మూడు రోజులు పట్టింది. చెరపడానికి నీకెంతసేపు పట్టింది?"

"అరగంట పట్టుంటుంది."

కొండ ఎక్కి వెళ్లిపోయాడు. రాత్రి భోజనం పెడితే తిన్నాడు, ముఖం మాత్రం ఎత్తలేదు. అరిచినా బాగుండేది. ఆయన చేతిరాత నువ్వు చూశావుగా, నాలుగో తరగతితో చదువు ఆపిన మనిషి. "దీన్ని దాటితే ప్రాణం పోతుంది" అన్న నాలుగు మాటలకి స్కేలు పెట్టి గీతలు గీసుకుని, ఒక్కో అక్షరం నన్ను అడిగి రాశాడు.

నువ్వడిగింది చేశాను. ఆయనకి చెప్పాను. ఇప్పుడు నీ వంతు. పంపకపోతే పన్నెండో తేదీన ఎంక్వయిరీలో ఉన్నదున్నట్టు చెప్పేస్తాను. నమ్మినా నమ్మకపోయినా చెప్తాను. నమ్మకపోతే, మొగుణ్ణి కాపాడుకోవడానికి తమ్ముణ్ణి బజారుకీడ్చిన ఆడదని అంటారు. అననీ.

అక్క

*

స్టూడియో పైగది,
సెప్టెంబరు 5.

అక్కా,

పార్సిల్లో మూడు ఉన్నాయి. నెగటివ్ ముక్క, నాన్న కవరుతో సహా. రెండు ప్రింట్లు, ఏ టచింగూ లేనివి. డార్క్ రూములో వాటిని కడుగుతూ నిన్ను తిట్టని తిట్టు లేదు. ట్రేలో ముందు నీళ్లు తేలాయి, తర్వాత బండ, నల్లటి బండ మధ్యలో తెల్లగా ఆ బోర్డు మిగిలింది. బావ అక్షరాలు చదవగలిగాను. వాలుగా ఉన్నాయి.

స్టూడియో మాట ఎత్తావు. నాన్న ఇచ్చినప్పుడు నువ్వు నోరు విప్పి అడగలేదు. ఇప్పుడు నా నోటి దగ్గర కూడు పోయే వేళ అడుగుతున్నావు. బాగుంది.

నన్ను ఒక్క పని అడిగావు, చేశాను. నేనూ ఒక్కటే అడుగుతున్నాను. ఫోటో ఎవరు తీశారో వాళ్లకి తెలుసు. కానీ చెరపమని ఎవరన్నారో, ప్రింటు ఎక్కడ దిద్దారో చెప్పకు. క్యాలెండర్ అచ్చువాళ్లు చేశారేమో అను. వాళ్లకి పోయేదేం లేదు. నాకు అంతా పోతుంది.

తమ్ముడు

*

కొండ కింద క్వార్టర్స్,
సెప్టెంబరు 13.

తమ్ముడూ,

నీ మాట వినలేదు. అది ముందే చెప్పేస్తున్నాను, చివరిదాకా ఆశతో చదవకు.

నిన్న పదింటికి పిలిచారు. పొడుగు బల్ల, ఇవతల మేం ఇద్దరం, అవతల ముగ్గురు. నెగటివ్, ప్రింట్లు, క్యాలెండర్ కాగితం వరసగా పెట్టాను. కళ్లద్దాల ఆఫీసరు చాలాసేపు చూశాడు. చూసి ఏమన్నాడో విను. "అమ్మా, ఇంత తెల్ల రేకుని చెరిపితే ఎక్కడో అక్కడ తెలియాలి కదా. ఈ క్యాలెండర్ ఫోటోలో అతుకు లేదు, మరక లేదు. ఇది చెరిపిన ఫోటో కాదు. బోర్డు ఉన్నది మరో రోజు తీసినట్టున్నారు. ఆ మనిషి పడ్డాక బోర్డు పాతి, ఇంకో ఫోటో తీసి తెచ్చారు."

నా చెయ్యి అంత బాగుందన్నమాట. నాన్న వినుంటే మురిసిపోయేవాడు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

సంచిలోంచి బ్రష్ తీశాను. అవును, తీసుకెళ్లాను. రంగు సీసా కూడా. "సార్, ఈ రెండో ప్రింటు పాడు చేస్తాను, చూస్తూ ఉండండి" అన్నాను. గ్లాసులో నీళ్లడిగాను. కిటికీ వైపు కుర్చీ జరుపుకున్నాను. బ్రష్ నాలుక మీద తడిపాను, అదే చేదు. బోర్డు పై అంచు నుంచి మొదలుపెట్టాను. ముందు రేకు అంచులు, తర్వాత రేకు, ఆఖరికి అక్షరాలు. మీ బావ నా వెనక నిలబడి ఉన్నాడు. తన అక్షరాలు ఒక్కొక్కటే పోవడం ఆయన చూశాడు. ఆయన ఊపిరి నాకు వినపడుతూనే ఉంది. చెయ్యి వణికితే అంతా పోతుంది. వణకనివ్వలేదు.

ఇరవై రెండు నిమిషాలు. అరగంట కూడా పట్టలేదు, తప్పు చెప్పాను.

దిద్దిన ప్రింటుని క్యాలెండర్ కాగితం పక్కన పెట్టాను. అప్పుడు మీ బావ నోరు విప్పాడు, ఎంక్వయిరీ మొదలయ్యాక తనంతట తను మాట్లాడటం అదే మొదలు. "సార్, బోర్డు వదిలేసి నీళ్లు చూడండి. పందొమ్మిదేళ్లుగా రోజూ చూస్తున్నాను, ఆ నీళ్లు ఒకసారి పడినట్టు ఇంకోసారి పడవు. ఇక్కడ మూడు పాయలు, ఇక్కడ విరిగింది, ఇక్కడ తుంపర పిడికిలంత లేచింది. రెండిట్లోనూ అంతే ఉంది. రెండు రోజులు తీసినవైతే ఇలా ఉంటాయా?"

ముగ్గురూ తలలు వంచి చూశారు. ఆఫీసరు కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఎవరు చెరిపారమ్మా దీన్ని?" అన్నాడు.

"చెరిపింది నేను. చెరపమన్నది నా తమ్ముడు. వాడి స్టూడియోలో, నవంబరులో."

రాసుకున్నారు. నేను సంతకం పెట్టాను. ఒక కాపీ బహుమతి ఇచ్చినవాళ్లకి వెళ్తుంది. అచ్చువాళ్ల మీదికి తోసేయమన్నావు. మీ బావ మీదికి తోసేసి చూశాంగా, ఇంకెంతమంది మీదికి తోద్దాం?

మీ బావ తప్పు లేదని రాశారు. ఇంటికొచ్చాక కొత్త రేకు, తెల్లరంగు, ఎర్రరంగు గుమ్మం ముందు పెట్టాడు. "ఈసారి నువ్వు రాయి" అన్నాడు. అంతే అన్నాడు. రాస్తున్నాను. తిట్టుకుంటూ, కళ్లు తుడుచుకుంటూ రాస్తున్నాను. క్షమించాడో లేదో నాకు తెలియదు, అడిగే ధైర్యం లేదు.

నీకు ఇంకో పని ఉంది. బోర్డు ఉన్న ప్రింటు ఒకటి మిగిలింది, ఇందులో పెట్టాను. దాన్ని పట్టుకుని ఆ గడియారాలాయన దగ్గరికి వెళ్లు. ఆ మనిషి తన తెలివితక్కువే అనుకుంటూ మంచం మీద ఉన్నాడట. నిజం ఆయనకి ఎవరూ చెప్పలేదు. నేనూ వస్తాను, ఈ బోర్డు పాతాక. ముందు నువ్వు వెళ్లు. రెండు బస్టాపులే.

అక్క

*

స్టూడియో పైగది,
సెప్టెంబరు 24.

అక్కా,

బహుమతి వెనక్కి తీసుకుంటున్నట్టు మొన్న కాగితం వచ్చింది. ప్రెస్ వాళ్లు మాటలు కూడా వృథా చేయలేదు, పుస్తకం ఆపేశామని ఒక్క వాక్యం రాశారు. కింద షాపువాడు నన్ను చూసి తల తిప్పుకుంటున్నాడు. నీ మీద నాకు ఎంత కోపం ఉందో రాయాలంటే ఈ కాగితం చాలదు, అందుకని రాయడం లేదు.

ఆసుపత్రికి వెళ్లాను. మొదటి రోజు గేటు దాకా వెళ్లి వచ్చేశాను. రెండో రోజు మెట్లదాకా. మూడో రోజు, అంటే నిన్న, లోపలికి వెళ్లాను.

మూడో అంతస్తు, గోడవైపు చివరి మంచం. సన్నటి మనిషి. దుప్పటి మీద ఒక గడియారం విప్పి పెట్టుకుని, భార్య పట్టుకున్న భూతద్దంలోంచి చూస్తూ మరమ్మతు చేస్తున్నాడు. నేనెవరో చెప్పాను. "ఓ, మీరేనా!" అని ముఖం విప్పారింది. ఆ ఫోటో అంటే తనకెంత ఇష్టమో చెప్పడం మొదలుపెట్టాడు. అక్కా, నాకు నేల చీలితే బాగుండుననిపించింది. ఆపమని చెప్పి, ప్రింటు ఆయన చేతిలో పెట్టి, జరిగింది మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాను. నిన్ను తప్పించలేదు, నన్నూ తప్పించుకోలేదు.

ఆయన అరవలేదు. ఆయన భార్య అరిచింది. వార్డంతా తిరిగి చూసేలా అరిచింది. నిలబడి విన్నాను.

ఆవిడ అలిసిపోయాక ఆయన ఆ అద్దం కంటికి పెట్టుకుని ప్రింటు చూశాడు. గడియారంలో పళ్లచక్రం చూసినట్టు చూశాడు. వేలితో బోర్డుని కొలిచాడు. ఆ వేలి కొలతనే నీళ్ల మీద ఒకదాని మీద ఒకటి పెట్టుకుంటూ పైదాకా వెళ్లాడు. పైకి చేరేసరికి చెయ్యి ఆగిపోయింది.

"ఈ బోర్డు ఎంత ఎత్తుంటుంది?" అన్నాడు.

"మనిషంత."

"అంటే ఈ జలపాతం ఇంత పెద్దదా!" అన్నాడు. "క్యాలెండర్లో చూసి, రెండు తాటిచెట్లంత ఉంటుందనుకున్నాను. ఇంతేగా, ఎక్కేయొచ్చు అనుకున్నాను. అక్కడికి వెళ్లాక కూడా కళ్లలో మీ ఫోటోనే ఉంది. తలెత్తి సరిగా చూడనే లేదు."

తర్వాత ప్రింటుని గుండె మీద పెట్టుకుని నా వైపు చూశాడు. అప్పుడు వచ్చింది కోపం, గొంతు పెంచకుండానే.

"బోర్డుతోనే బాగుంది కదయ్యా. ఎందుకు చెరిపావు?"

అక్కా, పదినెలలుగా ఆ ఫోటో గోడకి పెట్టుకుని చూస్తున్నాను. నిన్న ఆయన వేలు కదిలిన చోటల్లా చూస్తే తెలిసింది. ఆ తెల్ల రేకు ఉంటేనే కంటికి ఒక కొలత దొరుకుతోంది, ఆ నీళ్లు ఆకాశం నుంచి పడుతున్నట్టుంది. అది లేకపోతే ఏదో కాలువ దూకినట్టుంది. ఫోటో తీయడం వచ్చినవాణ్ణి నేను, టచింగ్ వచ్చినదానివి నువ్వు. మనిద్దరికీ కనపడలేదు. బావ అక్షరాలే దాన్ని అంత ఎత్తు చేశాయి.

ప్రింటు ఆయన దగ్గరే వదిలేసి వచ్చాను. నెగటివ్ నాకు తిరిగి పంపకు, బావ దగ్గర ఉండనీ.

తమ్ముడు